లాన్ లో చీమలపుట్టలు పోవాలంటే, మన గోదావరి డెల్టా నేలకి తగ్గట్టు

లాన్ లో చీమలపుట్ట కనపడగానే మనలో చాలామంది పురుగుమందుల షాపుకెళ్ళి "ఏదైనా గుళికలుంటే ఇవ్వండి" అని అడిగేస్తారు. కాస్త ఆగండి. పుట్ట మీద మందు జల్లితే పైన తిరిగేవి చస్తాయి, రెండు రోజులు హాయిగానే ఉంటుంది, తర్వాత నాలుగడుగుల అవతల ఇంకో పుట్ట లేస్తుంది. ఎందుకంటే మనకి కనపడే చీమలు మేతకొచ్చిన కూలీలు మాత్రమే, అవి మొత్తం గుంపులో కొంచెం భాగం. గుడ్లు పెట్టే రాణి బయటికి రాదు, కొన్ని జాతుల్లో ఒకే పుట్టలో రాణులు ఒకటికంటే ఎక్కువ కూడా ఉంటాయి, అవి లోపల ఉన్నన్నాళ్ళూ మీరు పైన ఎన్ని చంపినా లోపల పుడుతూనే ఉంటాయి. అంచేత మన పనల్లా ఏదో ఒక దారిలో రాణి దాకా చేరడమే, అది అయితే వేడినీళ్ళతో లోపలికి దిగాలి, లేకపోతే చీమల నోటితోనే మోయించాలి. ఈ రెండూ తప్ప మిగతావన్నీ దాదాపు టైంపాసే.

ముందు అసలు అది చీమలపుట్టేనా అని చూడండి, నవ్వకండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. వానలప్పుడూ చలికాలం పొద్దున్న పూటా గడ్డి మధ్యలో చిన్న చిన్న తడి మట్టి ఉండలు గుట్టగా కనపడతాయి కదా, అవి వానపాములు పోసినవి. వేలితో నలిపితే మెత్తగా మెదుగుతాయి, చుట్టుపక్కల ఒక్క చీమ కూడా ఉండదు. అవి ఉన్నాయంటే మీ నేల బావున్నట్టు, ఎండాక చీపురుతో చెదరగొట్టేస్తే ఎరువు కింద పనికొస్తాయి. ఇంకోటి చెదలు. గడ్డి అక్కడక్కడా పసుపుగా మారి, పీకితే వేర్లు లేకుండా ఊడొచ్చి, ఎండు పుల్లల మీద మట్టి పూత కనపడితే అది చెద, దానికి ఈ చీమల వైద్యం పనిచేయదు. దొడ్డి మూల గట్టిగా మనిషి మోకాలంత ఎత్తున లేచే పుట్ట కూడా చెదలు కట్టినదే, నాగులచవితికి మనం పాలు పోసేది వాటికే, దాని జోలికి వెళ్ళక్కర్లేదు. తొలకరి వానకి లైట్ల చుట్టూ ఎగిరే ఉసుళ్ళు కూడా చెదలే, నాలుగు రెక్కలూ ఒకే పొడుగుంటే, నడుం లావుగా ఉంటే చెద, నడుం సన్నగా నొక్కినట్టుండి ముందు రెక్కలు పొడుగ్గా వెనక రెక్కలు పొట్టిగా ఉంటే రెక్కల చీమ.

పక్కనున్న వరి చేలో లేని చీమలు మన లాన్ లోనే ఎందుకుంటాయంటే, దానికి కారణం మనమేనండి. మన కిందున్నది బరువైన ఒండ్రు బంకమట్టి, తడిస్తే ముద్ద, ఎండితే బీట. అందులో చీమకి గూడు కట్టుకోవడం కష్టం. మనమేమో లాన్ వేయించేటప్పుడు లారీ ఎర్రమట్టి తెప్పించి, గోదారి ఇసక కలిపి, ఆరంగుళాల మందాన మెత్తగా పరిచి, దాని మీద కడియపులంక నర్సరీల నుంచి తెచ్చిన గడ్డి ముక్కలు అతికిస్తాం. గుల్లగా ఉంటుంది, నీళ్ళు నిలవవు, ఎండ బాగా తగులుతుంది, అంటే చీమకి ఇల్లు కట్టి తాళాలు చేతికిచ్చినట్టే. అందులోనూ పేవర్ బ్లాకుల అంచు, కాంపౌండ్ వాల్ పక్కన, పూలకుండీ కింద, డ్రిప్ పైపు అందని మూల, ఈ నాలుగు చోట్లా ముందు వెతకండి. పేవర్ బ్లాకుల కింద పోసిన ఇసకంటే వాటికి మహా ఇష్టం.

మన దగ్గర నేలలో నీళ్ళు బాగా పైనే ఉంటాయి కాబట్టి వానాకాలంలో చీమలు లోతుకి దిగలేవు, మట్టిని పైకి ఎత్తి పోసుకుంటాయి. జూలై ఆగస్టుల్లో రాత్రికి రాత్రి పుట్టలు లేచినట్టు అనిపించడానికి కారణం అదే, కొత్తగా పుట్టుకురాలేదు, ఎండాకాలం అంతా కిందే ఉన్నాయి, కాలువలు కట్టేసి లాన్ కి నీళ్ళు తగ్గించినప్పుడు హాయిగా పెరిగాయి, తడి తగిలేసరికి పైకొచ్చాయి.

ఇప్పుడు ఏ చీమ అన్నది. పెద్ద నల్ల గండుచీమలు ఉన్నాయనుకోండి, అవి ఎక్కువగా చెట్టు మొదట్లో కన్నం పెట్టుకుని రాత్రిళ్ళు తిరుగుతాయి, లాన్ కి పెద్ద నష్టం లేదు, నేనైతే వదిలేస్తాను. మామిడిచెట్టు మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలు కూడా నేల మీద పుట్టలు పెట్టవు, పైగా అవి చెట్టు మీద పురుగుల్ని తింటాయి, కాయలు కోసేటప్పుడు కుడతాయన్నమాటే గానీ వాటిని చంపడం దండగ. దారీ తెన్నూ లేకుండా అటూ ఇటూ పరిగెత్తే సన్న నల్లచీమలు చికాకు పెడతాయి కానీ కుట్టవు. అసలు బాధంతా నేలలో ఉండే చిన్న ఎర్రచీమలతోనే, కాలు పెడితే పదీ ఇరవై ఒకేసారి ఎక్కేసి మంటెత్తేలా కుడతాయి చూడండి, అవి. పిల్లలు ఆడుకునే లాన్ లో అవి ఉంటే మటుకు తీసెయ్యాల్సిందే.

మీ చీమలకి ఏ ఎర పెట్టాలో తేల్చుకోడానికి సులువైన పరీక్ష ఒకటుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఒక అట్టముక్క మీద చిన్న బెల్లం ముక్క, ఎండుకొబ్బరి ముక్క, చిటికెడు ఎండు రొయ్యపొట్టు దూరం దూరంగా పెట్టి పుట్టకి అడుగు దూరంలో వదిలేయండి. అరగంటా గంట తర్వాత చూస్తే దేని మీద ముసిరాయో తెలిసిపోతుంది. బెల్లం మీదకి ఎగబడితే తీపి ఎర పనిచేస్తుంది, కొబ్బరి, రొయ్యపొట్టు మీద పడితే నూనె ఉన్న ఎర కావాలి. ఎర్రచీమలు ఎక్కువగా నూనె వైపు పోతాయి, కానీ తీపి కూడా ముడతాయి. మధ్యాహ్నం నేల కాలిపోతున్నప్పుడు ఈ పరీక్ష చేయకండి, అప్పుడు ఆత్రేయపురం పూతరేకు పెట్టినా ఒక్కటీ బయటికి రాదు.

పుట్ట ఒకటో రెండో అయితే, స్పష్టంగా కనపడుతుంటే, వేడినీళ్ళే మొదటి మందు. గీజర్ నీళ్ళు చాలవండి, సలసలా మరిగినవి కావాలి. ఒక్కో పుట్టకి సుమారు 10 లీటర్లు. పొద్దున్నే, లేత ఎండ తగిలే వేళ పొయ్యాలి, ముఖ్యంగా చలికాలంలో, ఎందుకంటే రాత్రి చల్లదనానికి లోపలున్న పిల్లల్నీ రాణినీ అప్పుడు వెచ్చదనం కోసం పైపొరల్లోకి తెచ్చుకుంటాయి. మిట్టమధ్యాహ్నం పోస్తే అవన్నీ కిందకి దిగిపోయి ఉంటాయి, నీళ్ళు దండగ. పొయ్యకముందు పుట్టని కెలకకండి, కర్రతో పొడవకండి, దగ్గరకెళ్ళేటప్పుడు నేల అదిరేలా అడుగులు కూడా వెయ్యకండి, అలికిడి తగిలితే రాణిని లోపలికి లాక్కుపోతాయి. ముందు చుట్టూ అంచు నుంచి మొదలెట్టి గుండ్రంగా తిప్పుతూ మధ్యలోకి రావాలి, ఒకేసారి గుమ్మరిస్తే పైనుంచి పారిపోతుంది, మెల్లిగా పోస్తే లోపలికి ఇంకుతుంది. ఇంత చేసినా ఒక్క దెబ్బకి అన్నీ చావవు, ఇలా పోసిన పుట్టల్లో సగానికి కొంచెం పైన చస్తాయి, మిగతావాటికి నాలుగైదు రోజులాగి మళ్ళీ పొయ్యాలి. అంత మేరా గడ్డి కూడా మాడిపోతుంది, అది ఎలా బాగుచేసుకోవాలో కింద చెప్తాను. ఇంకో మాట, మరిగే నీళ్ళు మోసేది మీరే అయితే బూట్లు వేసుకోండి, పిల్లల్ని లోపలుంచండి, బకెట్ నిండా తేకుండా సగం సగం తెచ్చుకోండి. ఈ పనిలో చీమ కుట్టడం కంటే చెయ్యి కాలడమే పెద్ద ప్రమాదం.

పుట్టలు చాలా ఉన్నా, ఎక్కడుందో దొరక్కుండా చీమలబారు మాత్రమే కనపడుతున్నా ఎర పెట్టాలి. దీనికి కావలసింది బోరిక్ యాసిడ్ పొడి. మెడికల్ షాపులో దొరుకుతుంది, క్యారమ్ బోర్డు పౌడర్ అని అమ్మేది కూడా కొన్నిసార్లు ఇదే, కానీ డబ్బా మీద బోరిక్ అని రాసుంటేనే తీసుకోండి, వేరే పిండి కలిపినవి కూడా ఉంటున్నాయి. కొలత లీటరు గోరువెచ్చని నీళ్ళకి 100 గ్రాముల పంచదార, 10 గ్రాముల బోరిక్ పొడి. అంత అక్కర్లేకపోతే పావు లీటరుకి పంచదార 25, బోరిక్ రెండున్నర గ్రాములు. చెంచాతో ఉజ్జాయింపుగా వేయకుండా కాటాలో తూచండి, ఎందుకంటే ఈ ఎర కిటుకంతా తక్కువ మోతాదులోనే ఉంది. మనవాళ్ళకి ఎంత ఎక్కువేస్తే అంత బాగా పనిచేస్తుందని నమ్మకం కదా, ఇక్కడ సరిగ్గా తిరగబడుతుంది. ఘాటు ఎక్కువైతే చీమ పసిగట్టి ముట్టదు, ముట్టినా దారిలోనే చస్తుంది. తక్కువైతే కడుపు నిండా తాగి, పుట్టలోకి వెళ్ళి నోటితో నోటికి పంచుతుంది, అలా చేతులు మారి మారి పిల్లలకీ రాణికీ చేరుతుంది, మనం చేరలేని చోటికి అదే చేరుస్తుందన్నమాట.

ఆ నీళ్ళని నేల మీద పోయకూడదు. బోరిక్ లో ఉండే బోరాన్ నేలలో ఎక్కువైతే గడ్డి అంచులు మాడిపోతాయి. చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని కింద అంచున చీమ పట్టేంత కన్నాలు పెట్టండి, లోపల సీసా మూతలో దూది పెట్టి ఈ నీళ్ళతో తడపండి, డబ్బా మూత బిగించి పైన రాయి పెట్టండి. ఇలా ఎందుకంటే వాన పడినా పల్చబడదు, కుక్కా కోడీ ముట్టవు, పిల్లల చేతికి అందదు. బోరిక్ యాసిడ్ మనకి తేలికే అనుకుంటారు గానీ చిన్నపిల్లలు మింగితే ప్రమాదమే, మిగిలిన నీళ్ళ సీసా మీద పేరు రాసి పైన అల్మరాలో పెట్టండి, ఫ్రిజ్ లో మంచినీళ్ళ సీసాల మధ్య మటుకు వద్దు. దూది రెండు మూడు రోజులకోసారి మార్చాలి, మన ఉక్కకి పంచదార నీళ్ళు త్వరగా పులిసిపోతాయి, పులిస్తే చీమలు రావు.

ఎర పెట్టిన మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువ వస్తాయి. ఇంట్లోవాళ్ళు "చీమల్ని చంపమంటే మేపుతున్నావేంటి" అంటారు. అననివ్వండి. బారు కట్టాయంటే పని జరుగుతున్నట్టే, అప్పుడు కంగారుపడి హిట్ కొట్టారో ఎర మోసేవి చచ్చిపోయి మొత్తం కథ మొదటికొస్తుంది. తగ్గడానికి వారం పట్టొచ్చు, మూడు వారాలు కూడా పట్టొచ్చు, పుట్ట ఎంత పెద్దదన్నదాన్ని బట్టి.

నూనె రకం చీమలకైతే వేయించిన వేరుశనగ గుళ్ళు మెత్తగా నూరి అందులో కొద్దిగా బోరిక్ పొడి కలిపి అదే డబ్బాలో పెట్టొచ్చు. కానీ ఇది తీపి ఎరంత ఖచ్చితంగా పనిచేయదు, ఎర్రచీమలకి నా ఓటు వేడినీళ్ళకే. దీని వెనక సంగతేంటంటే ఎదిగిన చీమలు గట్టి పదార్థం మింగలేవు, ద్రవమే తాగుతాయి, గట్టి ముక్కల్ని మోసుకెళ్ళి లోపల పిల్లపురుగులకి పెడతాయి, అవి అరిగించి తిరిగి వీటికి ద్రవంగా ఇస్తాయి. మా దొడ్డమ్మ ఇప్పటికీ "రవ్వ జల్లరా అబ్బాయ్, తిని పొట్ట ఉబ్బి చస్తాయి" అంటుంది. మింగితే కదా దొడ్డమ్మా ఉబ్బడానికి! రవ్వ జల్లితే వాటికి సంక్రాంతి, అంతే.

అలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. ఉప్పు పోస్తే చీమలు పోవు, గడ్డి పోతుంది, అక్కడ మళ్ళీ గడ్డి రావడానికి చాలా కాలం పడుతుంది. కిరసనాయిలు, పెట్రోలు, పాత ఇంజనాయిలు అసలు వద్దు, నేల పాడవుతుంది, నిప్పు ప్రమాదం వేరే. పసుపు, వెనిగర్, కర్పూరం చీమల దారి మళ్ళిస్తాయి తప్ప పుట్టని ఏం చేయవు. లక్ష్మణరేఖ సుద్దముక్క ఇంట్లో గచ్చు మీద పనికొస్తుందేమో గానీ తడి గడ్డిలో ఎక్కడ గీస్తారు. పైపు కన్నంలో పెట్టి గంటసేపు నీళ్ళు వదలడం కూడా మన వైపు ఎక్కువే, దానివల్ల చీమలు ఇల్లు మారతాయంతే. ఈ ఎర్రచీమలు నీళ్ళొస్తే ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పలా తేలి, పిల్లల్నీ రాణినీ మధ్యలో పెట్టుకుని, గట్టు తగిలిన చోట దిగిపోతాయి. లంక ఊళ్ళలో వరదలప్పుడు నీళ్ళ మీద ఎర్రటి ముద్దల్లా తేలుతూ వచ్చేవి ఇవే, వరద నీళ్ళలో నడిచేటప్పుడు అలాంటి ముద్ద కనపడితే దూరంగా తప్పుకోండి, కాలికి తగిలితే అంతా ఎక్కేస్తాయి. వరద తీసిన తర్వాత లాన్ లో ఎప్పుడూ లేని పుట్టలు కనపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక గుళికల సంగతి. పాతకాలం వాళ్ళు గమాక్సిన్ పొడి జల్లేవాళ్ళు, దాన్ని మన దేశంలో 1997 లోనే నిషేధించారు. ఫోరేట్ గుళికలు అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అదీ 2020 చివరి నుంచి నిషేధంలోనే ఉంది, ఎవరైనా పాత స్టాక్ ఇస్తామన్నా తీసుకోకండి, చాలా ఘాటైన విషం, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే గడ్డిలో వేసేది కాదు. వరిలో కాండం తొలుచు పురుగుకి వేసే ఫిప్రోనిల్ గుళికలు, చెదలకి కొట్టే క్లోరోపైరిఫాస్ మనకి సులువుగా దొరుకుతాయి కాబట్టి చెయ్యి అటే పోతుంది. మన ఊళ్ళలో లాన్ నీళ్ళు ఎక్కడికి పోతాయో ఒకసారి చూడండి. లాన్ నుంచి బోదెలోకి, బోదె నుంచి డ్రెయిన్లోకి, దాని పక్కనే ఎవరిదో చేపల చెరువో రొయ్యల చెరువో ఉంటుంది. ఈ రెండు మందులూ రొయ్యకీ చేపకీ విషమే, తేనెటీగలకి కూడా, రొయ్యకైతే చాలా కొంచెం చాలు. భీమవరం వైపు చెరువుల వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. గజం జాగాలో చీమల కోసం అంత రిస్క్ ఎందుకండి. తప్పదనుకుంటే డబ్బా మీద చీమలకి అని రాసున్న మందే, రాసినంతే, వాన సూచన లేని రోజు చూసుకుని, ఆ పుట్ట వరకే.

చాలామంది వదిలేసే సంగతి ఇంకోటుంది, అసలు చీమలకి తిండి ఎక్కడ దొరుకుతోంది అని. తల పైకెత్తి చూడండి. మందార కొమ్మల మీద తెల్లటి పిండినల్లి ఉంటే, నిమ్మ చిగుళ్ళలో పేనుబంక ఉంటే, అవి కార్చే తేనెలాంటి జిగురు కోసమే చీమలు అక్కడ మకాం పెడతాయి, వాటిని కాపలా కూడా కాస్తాయి. కొన్నేళ్ళుగా మన కొబ్బరి చెట్లకి సర్పిలాకార తెల్లదోమ పట్టి పీడిస్తోంది కదా, దాని జిగురు కింద పడి కిందున్న మొక్కల ఆకులన్నీ నల్లగా మసి పట్టినట్టు అవుతున్నాయి, ఆ చెట్టు కింద లాన్ ఉంటే చీమలకి రోజూ అన్నదానమే. మందార, నిమ్మ లాంటి అందే మొక్కలకి పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి కడిగి, సాయంత్రం పూట లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి రెండు మూడు సార్లు. కొబ్బరి చెట్టు విషయం మన చేతిలో పని కాదు, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్ళు ఈ దోమ మీద పనిచేస్తున్నారు, వాళ్ళనో మీ ఊరి ఉద్యాన సహాయకుణ్ణో అడిగి చేయించుకోవడం మంచిది. ఇష్టమొచ్చిన మందు పైకి కొడితే దోమని తినే మిత్రపురుగులు కూడా పోతాయి.

లాన్ చూసుకోవడంలో కూడా కొన్ని మార్పులు చేయాలి. రోజూ పైపైన చిలకరించే బదులు రెండు మూడు రోజులకోసారి బాగా ఇంకేలా పెట్టండి, అంచులకి కూడా. ఎండాకాలంలో మూలలు ఎండిపోకుండా చూసుకుంటే సగం పుట్టలు అసలు లేవవు. గడ్డి కోసే మిషను పెట్టే ముందు రోజు చిన్న చిన్న మట్టిగుట్టల్ని ఎండుగా ఉన్నప్పుడు కొబ్బరి ఈనెల చీపురుతో చెదరగొట్టండి, లేకపోతే మిషను వాటిని నొక్కి ముద్ద చేస్తుంది, కింద గడ్డి కుళ్ళుతుంది, బ్లేడు మొద్దుబారుతుంది. ఊరికే ఇలా చెదరగొడుతూ ఉన్నా కొన్ని గుంపులు విసిగి వేరే చోటు చూసుకుంటాయి. కొత్తగా కుండీ మొక్కలు గానీ గడ్డి ముక్కలు గానీ ఎక్కడ నుంచి తెచ్చినా ముందు అడుగు తిప్పి చూడండి, అనుమానం ఉంటే కుండీని బకెట్ నీళ్ళలో మట్టి మునిగేలా అరగంట ఉంచితే లోపలున్నవి పైకొచ్చేస్తాయి. పేవర్ బ్లాకుల సందుల్లో ఇసక బదులు సిమెంటు కలిపిన ఇసక కూరితే అటు నుంచి రాకపోకలు తగ్గుతాయి.

కుట్టినప్పుడు ముందు అక్కణ్ణుంచి పక్కకి జరిగి చేత్తో గట్టిగా తుడిచేయండి, నీళ్ళు పోస్తే కొన్ని పట్టుకుని వదలవు. సబ్బుతో కడిగి ఐసు పెట్టండి, మర్నాడు చిన్న తెల్ల పొక్కు వస్తే గిల్లకండి. ఎవరికైనా పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడనట్టుంటే ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోకుండా 108 కి ఫోన్ చేయండి.

పుట్ట నిజంగా చచ్చిందా అని చూడ్డానికి సాయంత్రం చల్లబడ్డాక ఈనెపుల్ల ఒకటి లోపలికి దింపి కదిపి పది నిమిషాలు ఆగండి. ఒక్కటీ పైకి రాకపోతే అయిపోయినట్టు, రెండు మూడు వచ్చినా ఎర తీయొద్దు. అయిపోయిన చోట మాడిన గడ్డి చేత్తో పీకేసి, లోపల డొల్లగా ఉన్నంత మేరా పారతో తవ్వి, ఆ మట్టిలోనే మూడో వంతు వర్మీకంపోస్టు కలిపి తిరిగి కూరి కాలితో గట్టిగా తొక్కండి, ఎర్రమట్టి మళ్ళీ గుల్లగా పొయ్యకండి. నీళ్ళు పెట్టాక దిగుతుంది, దిగినచోట ఇంకాస్త మట్టి వేసి మట్టం చేయండి. తర్వాత లాన్ లో ఏ మూల నుంచో అరచేయంత గడ్డి ముక్క వేర్లతో సహా తీసి అక్కడ పెట్టి, అది పట్టేదాకా రోజూ తడపండి, వానాకాలంలో అయితే తొందరగానే కలిసిపోతుంది.